మీ ప్రశ్నలు, మా జవాబులు: పాత ప్రొపెల్లర్ మీదున్న సైజే మళ్ళీ ఆర్డర్ పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. పోయినేడాది సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌వీ-4 అనే రెండు సీట్ల చిన్న విమానం కొన్నాను, వేరే ఆయన తన గరాజ్‌లో కట్టుకున్నది. ఇంజన్ లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్. చెక్క ప్రొపెల్లర్, హబ్ (నడిమధ్య భాగం) మీద 68×70 అని కొట్టి ఉంది. మొన్న ఏడాదికోసారి చేసే ఇన్‌స్పెక్షన్‌లో మెకానిక్ ఒక బ్లేడ్‌లో గ్లూ లైన్ వెంట చీలిక చూపించి దీంతో ఎగరొద్దు అన్నాడు. ఎపాక్సీ పోసి నడిపించొచ్చా? లేదంటే అదే సైజ్ కొత్తది ఆర్డర్ పెట్టేయనా? నేల మీద బ్రేకులు పట్టి ఫుల్ థ్రాటిల్ ఇస్తే 2,100 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వస్తుంది, గాల్లో లెవెల్‌గా ఫుల్ థ్రాటిల్‌లో 2,550 దాటదు. మా రన్‌వే చిన్నది, ఎండాకాలంలో ఇద్దరం ఎక్కితే లేవడానికి నానా తంటాలు పడుతుంది.
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ముందు ఎపాక్సీ సంగతి తేల్చేద్దాం. వద్దండి. 2,700 ఆర్‌పీఎం దగ్గర, హబ్ సెంటర్ నుంచి 12 అంగుళాల దూరంలో ఉన్న ఒక్క పౌండు చెక్క దాదాపు 2,500 పౌండ్ల బలంతో బయటికి లాగుతుంది, లెక్క కట్టి చూసుకోండి. బ్లేడ్‌లో అలాంటి పౌండ్లు కొన్ని ఉంటాయి. లీడింగ్ ఎడ్జ్ (గాలిని కోసే ముందు అంచు) మీద చిన్న సొట్టలు, వార్నిష్ లేచిపోవడం లాంటివైతే మేకర్ దగ్గరికి పంపితే బాగుచేసి ఇస్తారు, కానీ జిగురుతో అతికించిన చెక్క పొరలు విడిపోవడం మొదలైతే, లేదా హబ్‌లో బోల్టు బొక్కల మధ్య చీలిక వస్తే ఆ ప్రొపెల్లర్ పని అయిపోయినట్టే. మీ మెకానిక్ మంచాడు, వదులుకోకండి.

ఇక అసలు ప్రశ్న. మీ ఉత్తరంలో 68×70 కంటే విలువైన నంబర్లు రెండున్నాయి, అవి 2,100, 2,550. జవాబు వాటిలోనే ఉంది.

68 అంటే డయామీటర్, 70 అంటే పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ లెక్క ప్రకారం ఎంత ముందుకి పోవాలో అది. పిచ్‌ని ఆర్‌పీఎంతో గుణించి 1,056తో భాగిస్తే గంటకి మైళ్ళు వస్తాయి. 70 పిచ్ 2,700 దగ్గర 179 మైళ్ళు. అరె, ఆర్‌వీ-4లు అంతకన్నా జోరుగా పోతున్నాయి కదా అంటారు, నిజమే, ఎందుకంటే ఈ పిచ్‌ని బ్లేడ్ వెనక ఉన్న చదునైన ముఖం మీద కొలుస్తారు, గాలి మాత్రం బ్లేడ్ మొత్తం ఆకారాన్ని చూస్తుంది, ముందువైపు ఉన్న ఉబ్బుని కూడా. అందుకే ఒక మేకర్ 70కి ఇంకో మేకర్ 70కి పొంతన ఉండదు. బ్లేడ్ వెడల్పు, ఎయిర్‌ఫాయిల్ (బ్లేడ్ అడ్డకోత ఆకారం), పిచ్ కొలిచే పద్ధతి ఎవరివి వాళ్ళవే. సెన్సెనిక్ కంపెనీ 68×70 తీసి వేరే వర్క్‌షాప్ 68×70 బిగిస్తే ఆర్‌పీఎం మారిపోవచ్చు. పాత నంబరే పెట్టొచ్చా అంటే అదే మేకర్, అదే మోడల్ దొరికితేనే ఆ ప్రశ్నకి అర్థం ఉంది, అప్పుడు కూడా మీ కేసులో నేనైతే పెట్టను.

ఎందుకంటే మీ ప్రొపెల్లర్‌కి పిచ్ ఎక్కువైంది. ఓ-320 తన 160 హార్స్‌పవర్ ఇచ్చేది 2,700 దగ్గర. 2,100 దగ్గర టార్క్ (తిప్పే బలం) అంతే ఉంటుందనుకున్నా 160ని 2,100తో గుణించి 2,700తో భాగించండి, 124 వస్తుంది. అంటే టేకాఫ్ పరుగు మొదట్లో మీ దగ్గర ఉన్నది 124 గుర్రాలు, మిగతా 36 గుర్రాలకి డబ్బు కట్టారు గానీ అవి పనిలోకి రావట్లేదు. బండిని టాప్ గేర్‌లో కదిలించినట్టు. డాలస్ ఎండలో గాలి పలచబడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మీకంటే ముందాయన బహుశా పెద్ద రన్‌వే నుంచి ఒక్కడే ఎక్కి దూరాలు తిరిగే మనిషి అయ్యుంటాడు, ఆయన అవసరానికి అది సరిపోయింది, మీ అవసరం వేరు.

అయితే ఆర్డర్ పెట్టేముందు ఒక పని చెయ్యండి, ఇది చాలామంది వదిలేస్తారు. మీ ట్యాకోమీటర్ (ఆర్‌పీఎం చూపించే మీటర్) నిజం చెబుతోందా లేదా చూడండి. పాత మెకానికల్ ట్యాకోలు 50, 100 ఆర్‌పీఎం తేడా చూపించడం మామూలే, ఆ తప్పు రీడింగ్ పట్టుకుని ప్రొపెల్లర్ కొంటే తప్పు ప్రొపెల్లరే వస్తుంది. ఆప్టికల్ ట్యాకో అని చిన్న డబ్బా దొరుకుతుంది, కాక్‌పిట్‌లోంచే తిరిగే బ్లేడ్ల వైపు చూపిస్తే చాలు. దాన్ని కూడా నమ్మకపోతే రెండు బ్లేడ్ల సెట్టింగ్‌లో పెట్టి పాతరకం ట్యూబ్‌లైట్ వైపు చూపించండి, అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి కచ్చితంగా 3,600 చూపించాలి. ఇండియాలో అయితే 50 హెర్ట్జ్, 3,000 వస్తుంది. ఎల్‌ఈడీ లైటుతో ఈ ట్రిక్ కుదరకపోవచ్చు.

ట్యాకో కరెక్టే అనుకుందాం. ఫుల్ థ్రాటిల్ లెవెల్ ఫ్లైట్‌లో మీకు 2,700 కంటే 150 ఆర్‌పీఎం తక్కువ వస్తోంది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 25 నుంచి 50 ఆర్‌పీఎం పెరుగుతుందని మోటు లెక్క ఒకటుంది, 40 అనుకుంటే నాలుగంగుళాలు, అంటే 66. నేనైతే అక్కడ మొదలుపెట్టి మేకర్‌తో మాట్లాడతాను. 62కో 60కో దిగిపోకండి. అలా చేస్తే మీ చిన్న రన్‌వే మీదనుంచి రాకెట్‌లా లేస్తుంది నిజమే, కానీ క్రూజ్‌లో (దారిలో నిలకడగా పోయేటప్పుడు) ఆర్‌పీఎం 2,700 దాటిపోకుండా ఎప్పుడూ థ్రాటిల్ వెనక్కి లాగి కూర్చోవాలి, ఆర్‌వీ కొన్నదే స్పీడ్ కోసం కదా. నాకు నచ్చే సర్దుబాటు ఏంటంటే 8,000 అడుగుల దగ్గర ఫుల్ థ్రాటిల్ లెవెల్‌లో సుమారు 2,700 రావాలి. ఆ ఎత్తులో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఇంజన్ ఇచ్చేది 75 శాతం అటూ ఇటూనే, కాబట్టి అక్కడ నిశ్చింతగా అలా వదిలేయొచ్చు. కింద ఎగిరేటప్పుడు మాత్రం రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం) మీద ఒక కన్నుంచాలి.

డయామీటర్ జోలికి పోవద్దు, 68 ఉంచండి. టిప్ స్పీడ్ (బ్లేడ్ చివర తిరిగే వేగం) నేల మీద 2,700 దగ్గర సెకనుకి 801 అడుగులు, గంటకి 190 మైళ్ళ వేగం కూడా కలిపితే 848, ధ్వని వేగంలో మూడొంతులకి కాస్త పైన. చెక్క బ్లేడ్ల టిప్పులు లావుగా ఉంటాయి, అంతకంటే బాగా పైకి పోతే చప్పుడు పెరుగుతుంది తప్ప లాగుడు పెరగదు. నేలకీ బ్లేడ్‌కీ మధ్య ఖాళీ కూడా చూసుకోవాలి. ఫ్యాక్టరీ విమానాలకి తోకచక్రం ఉంటే 9 అంగుళాలు ఉండాలని 2017 వరకు అమెరికాలో రూలుండేది, మీ ఎక్స్‌పెరిమెంటల్‌కి (సొంతంగా కట్టిన విమానానికి) ఆ రూలు వర్తించదు గానీ గడ్డి రన్‌వే వాళ్ళు దాన్ని పాటిస్తేనే మంచిది.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే భాగం, హబ్. మేకర్ మిమ్మల్ని ఇంజన్ మోడల్, హార్స్‌పవర్, ఆర్‌పీఎం, విమానం పేరు, క్రూజ్ స్పీడ్, టాప్ స్పీడ్, పాత ప్రొపెల్లర్ సైజు, దాంతో మీకొచ్చిన ఆర్‌పీఎంలు అడుగుతాడు, అడగకపోతే ఆ మేకర్ దగ్గర కొనకండి. వాటితోపాటు ఫ్లాంజ్ (ఇంజన్ షాఫ్ట్ చివర ప్రొపెల్లర్ బిగించే గుండ్రటి పలక) వివరాలు మీరే కొలిచి ఇవ్వండి. ఓ-320లో మామూలుగా ఎస్‌ఏఈ 2 అనే ఫ్లాంజ్ ఉంటుంది, బోల్టుల సర్కిల్ నాలుగుముప్పావు అంగుళాలు, కాంటినెంటల్ ఓ-200 ఇంజన్‌కి అయితే నాలుగూ మూడెనిమిదోవంతుల అంగుళాలు. కానీ ఆర్‌వీల్లో ఇంజన్ ఫ్లాంజ్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య ఎక్స్‌టెన్షన్ వేస్తుంటారు, అప్పుడు మీకు కావాల్సింది ఎక్స్‌టెన్షన్ ముందు ముఖం కొలతలు, ఇంజన్‌వి కావు. హబ్ మందం కొత్త దాంట్లో అర అంగుళం తేడా ఉన్నా పాత బోల్టులు పనికిరావు. పొట్టివైతే మరలు సరిగ్గా పట్టవు, పొడుగువైతే మరలు చివరికొచ్చి ఆగిపోతాయి, బిగుతు కొలిచే టార్క్ రెంచ్ టక్కుమంటుంది, మీరు బిగిసిందనుకుంటారు, చెక్క మాత్రం వదులుగానే ఉంటుంది.

ఆ వదులు ఎంత ప్రమాదమో చెప్తాను. చెక్క ప్రొపెల్లర్‌ని తిప్పేది బోల్టులు కాదు, ఎక్కువ పని ఫ్లాంజ్‌కీ చెక్కకీ మధ్య రాపిడిదే. ముందువైపు క్రష్ ప్లేట్ అనే లోహపు పలక వేసి బోల్టులు బిగించేది ఆ రాపిడి కోసం. పట్టు తగ్గితే ప్రొపెల్లర్ ఫ్లాంజ్ మీద కొద్దికొద్దిగా జారుతుంది, వేడెక్కుతుంది, చెక్క మాడుతుంది, ఆ తర్వాత బోల్టులు తెగుతాయి. మీ పాత ప్రొపెల్లర్ విప్పినప్పుడు హబ్ వెనక ముఖం చూడండి, నల్లగా కాలిన మరకలుంటే ముందాయన బిగించడం మానేశాడని అర్థం. చెక్క తేమకి ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది, హ్యూస్టన్ తేమలో బిగించిన ప్రొపెల్లర్ ఎల్ పాసో ఎడారిలో వదులైపోవచ్చు. అందుకే కొత్తది బిగించాక మొదటి ఫ్లైట్ అవ్వగానే ఒకసారి, తర్వాత మేకర్ చెప్పిన గంటలకోసారి, వాటితో సంబంధం లేకుండా సీజన్ మారినప్పుడల్లా బోల్టుల టార్క్ (బిగుతు) చూడాలి. టార్క్ ఎంత అన్నది మేకర్ కాగితంలో ఉన్నదే, మెటల్ ప్రొపెల్లర్ టార్క్ పెడితే చెక్క నలిగిపోతుంది. బిగించాక ఒక బ్లేడ్ టిప్ ఎక్కడ తిరుగుతోందో గుర్తుపెట్టి రెండోది కూడా అక్కడే వస్తోందా చూడండి, చెక్కకి ఎనిమిదోవంతు అంగుళం కంటే తేడా ఉండకూడదు. అన్నీ అయ్యాక బోల్టులు వదులవ్వకుండా సేఫ్టీ వైర్.

కాగితాల సంగతి. మీరు కట్టిన మనిషి కాకపోయినా అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ విమానం మీద పని మీరే చేసుకోవచ్చు, ఏడాది ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజన్ రెండిటికీ లైసెన్సున్న) మెకానిక్ లాంటి అర్హత ఉన్న మనిషి సంతకం కావాలి. కానీ పిచ్ మారిన ప్రొపెల్లర్ మేజర్ చేంజ్ కింద రావొచ్చు. మీ విమానంతో వచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్స్ (నడిపే షరతుల కాగితం) తీసి చదవండి, చాలావాటిలో ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) లోకల్ ఆఫీసుకి చెప్పి, కనీసం 5 గంటలు మళ్ళీ టెస్ట్ ఫ్లయింగ్ చెయ్యాలని ఉంటుంది. ఆ 5 గంటలూ వెనక సీట్లో ఎవర్నీ ఎక్కించకూడదు, ఇంట్లో ముందే చెప్పేయండి.

ప్రశ్న: పై ఆయనలాంటి సమస్యే అనుకోండి. మా అన్నయ్య, నేను మిషిగన్‌లో వోక్స్‌వ్యాగన్ కార్ ఇంజన్‌ని మార్చి పెట్టిన సింగిల్ సీటర్ నడుపుతున్నాం. 54 అంగుళాల చెక్క ప్రొపెల్లర్ గీతలు పడిపోయింది. పెద్ద ప్రొపెల్లర్ అయితే ఎఫిషియెన్సీ ఎక్కువ అంటున్నారు కదా, 60 వేద్దామని మా అన్నయ్య పట్టు. మెటల్ అయితే ఇంకా మంచిదా?
— ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: మీ అన్నయ్య చెప్పేదాంట్లో సగం నిజం. నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్‌కి ఎఫిషియెన్సీ ఎక్కువే, కానీ మీ ఇంజన్ నెమ్మదిగా తిరగదు. డైరెక్ట్ డ్రైవ్ (మధ్యలో గేర్లు లేని) వోక్స్‌వ్యాగన్ తన పవర్ ఇచ్చేది 3,200, 3,400 దగ్గర. ప్రొపెల్లర్ మింగే పవర్ డయామీటర్‌కి ఐదో ఘాతంలో పెరుగుతుంది, అదే పోలికలో 54ని 60 చేస్తే అదే ఆర్‌పీఎంకి 69 శాతం ఎక్కువ పవర్ కావాలి. ఆ పవర్ మీ దగ్గర లేదు కాబట్టి ఆర్‌పీఎం 3,400 నుంచి 2,600 దరిదాపుకి పడిపోతుంది, ఇంజన్ మూలుగుతూ వేడెక్కుతుంది. పిచ్ బాగా తగ్గించి 60 వేస్తే తిరుగుతుంది, గాలిపటంలా నెమ్మదిగా ఎగిరే ఓపెన్ కాక్‌పిట్ విమానాలకి అది పనికొస్తుంది కూడా. మీది ఏ రకమో రాయలేదు. 54 అంగుళాలు 3,400 దగ్గర టిప్ స్పీడ్ లెక్క కడితే సెకనుకి 801 అడుగులు వచ్చింది, పైన ఆర్‌వీకి వచ్చిందీ అదే. వేరే వేరే ఇంజన్లు, చివరికి అందరూ ఒక్కచోటికే చేరారు.

మెటల్ మాత్రం ఆ ఇంజన్‌కి వెయ్యకండి. అల్యూమినియం బ్లేడ్ ఇంజన్ ఇచ్చే ప్రతి కుదుపునీ గుర్తుపెట్టుకుంటుంది, ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర రెండూ శ్రుతి కలిసిపోతే బ్లేడ్ అలిసిపోయి తెగుతుంది. ఫ్యాక్టరీలో పరీక్షించిన జోడీలకే ఈ బాధ తప్పలేదు, చెరోకీ 180 విమానంలో 2,150కీ 2,350కీ మధ్య ఎక్కువసేపు ఉంచొద్దని ప్లేటు మీద రాసి ఉంటుంది. మీ కార్ ఇంజన్, ఏదో మెటల్ బ్లేడ్ జోడీని కొలిచినవాళ్ళు ఎవరూ ఉండరు. చెక్క ఆ కుదుపుల్ని మింగేస్తుంది. డిజైనర్ బర్ట్ రుటాన్ లాంగ్-ఈజెడ్ లాంటి వెనక ప్రొపెల్లర్ విమానాలు ఎక్కువగా చెక్కవే వాడటానికి ఇదే కారణం, రెక్క వెనక చెదిరిన గాలిలో ప్రతి చుట్టుకీ బ్లేడ్ దెబ్బ తింటుంది కదా. పైగా బరువు. మీలాంటి తేలిక విమానానికి ముక్కు చివర పది పౌండ్లు పెరిగినా తగ్గినా సెంటర్ ఆఫ్ గ్రావిటీ కదులుతుంది, ఏది మార్చినా వెయిట్ అండ్ బ్యాలెన్స్ మళ్ళీ చెయ్యాల్సిందే.

ఇంకో మాట, ఇది మీకు చాలా ముఖ్యం. వోక్స్‌వ్యాగన్‌కి ప్రొపెల్లర్ పుల్లీ వైపు బిగిస్తే కాక్‌పిట్‌లోంచి చూస్తే అది ఎడమ చేతి వైపు తిరుగుతుంది, అంటే గడియారానికి ఎదురు. ఫ్లైవీల్ వైపు బిగిస్తే లైకమింగ్, కాంటినెంటల్‌లాగా కుడి. ఆర్డర్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తే మేకర్ మామూలుగా కుడిది చేసిస్తాడు, చెక్కని తిప్పి బిగిస్తే సరిపోతుంది అనుకోకండి, తిప్పినా అది అదే చెయ్యి.

ప్రశ్న: సర్, నేను కాకినాడలో మెకానికల్ మూడో సంవత్సరం. ప్రాజెక్ట్‌కి చిన్న ఇంజన్ టెస్ట్ స్టాండ్ కోసం చెక్క ప్రొపెల్లర్ మేమే చెక్కుదామనుకుంటున్నాం. టేకు మంచిదే కదా? లేకపోతే బొమ్మలు చేసే చెక్క?
— ఒక విద్యార్థి

జవాబు: చెక్కండి తమ్ముడూ, తప్పకుండా. రైట్ సోదరులు 1903లో ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు స్ప్రూస్ పొరలు అతికించి చేత్తోనే చెక్కారు, వాటి ఎఫిషియెన్సీ 75 శాతం పైనే, అప్పటికి వాళ్ళ దగ్గర కాపీ కొట్టడానికి ఎవరి లెక్కలూ లేవు.

టేకు తలుపులకి రాజు గానీ దీనికి ఇబ్బంది, దాంట్లో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు సరిగ్గా పట్టదు, ప్రొపెల్లర్ బతుకంతా జిగురు మీదే. ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు, కొండపల్లి పొణికి చెక్కుకోవడానికి హాయిగా ఉంటాయి, అదే వాటి సమస్య కూడా, హబ్ దగ్గర బోల్టు బిగిస్తే నలిగిపోతాయి. మేకర్లు వాడేవి మేపుల్, బర్చ్ లాంటి గట్టి చెక్కలు. మీకు సా మిల్లులో ఏది దొరికినా చూడాల్సింది మూడు: ముడుల్లేకుండా నిలువు గీత తిన్నగా ఉండాలి, బాగా ఆరి ఉండాలి, పొరలన్నీ ఒకే మాను నుంచి వస్తే మరీ మంచిది. కాకినాడ తేమలో మొన్న కోసిన పలక తెచ్చి ఈరోజు అతికిస్తే ఏసీ ల్యాబ్‌లో పెట్టగానే వంకర పోతుంది. అయ్యాక సన్నటి షాఫ్ట్ మీద పెట్టి బ్యాలెన్స్ చూసి, బరువున్న బ్లేడ్‌ని గీకి, వార్నిష్ రెండు బ్లేడ్లకీ సమానంగా వెయ్యండి. మెటల్ తొడుగు ఉన్న ఫ్యాక్టరీ ప్రొపెల్లర్ ఎప్పుడైనా చూస్తే టిప్ దగ్గర పిన్ను మొనంత బొక్కలుంటాయి, అవి తేమ బయటికి పోవడానికి, పొరపాటున కూడా వార్నిష్‌తో మూసెయ్యొద్దు.

స్టాండ్ చుట్టూ గట్టి ఇనుప జాలీ, ప్రొపెల్లర్ తిరిగే గీతలో మాత్రం జాలీ ఉన్నా ఎవరూ నిలబడకూడదు. లెక్చరర్ కూడా. ఇక దాన్ని విమానానికి బిగించి ఎగరాలనుకుంటే అది వేరే కథ, ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ గారికి డీజీసీఏ (ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ 2017లో వస్తే ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది.

ప్రశ్న: ఒక రెస్టారెంట్ మూసేస్తుంటే గోడకి వేలాడుతున్న పాత చెక్క ప్రొపెల్లర్ చవగ్గా కొన్నాను. మధ్యలో గడియారం ఉండేది, తీసేశాను. మెరుగు పెట్టించి నా విమానానికి వాడొచ్చా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: గడియారం మళ్ళీ పెట్టేయండి. గడియారం కోసం హబ్‌లో బొక్క తొలిచారంటే అసలు పట్టు ఉండాల్సిన చోటే చెక్క పోయింది. అదొక్కటే కాదు, ఏళ్ళ తరబడి నిలువుగా వేలాడితే తేమ కింది బ్లేడ్‌లోకి చేరి బ్యాలెన్స్ పోతుంది. మీ విమానానికి ఇప్పుడున్న చెక్క ప్రొపెల్లర్‌ని కూడా హ్యాంగర్‌లో ఆపేటప్పుడు నిలువుగా కాకుండా అడ్డంగా ఉంచండి, పట్టుకుని విమానం లాగకండి, వానలో పడితే ఆర్‌పీఎం తగ్గించండి, ఆ వేగంలో చినుకులు లీడింగ్ ఎడ్జ్‌ని గీరేస్తాయి.